తోట దీపపు ఎరలో చిక్కిన చిన్న చిమ్మటలు: గుర్తింపుకూ నమోదుకూ ఏ పద్ధతిని ఎంచుకోవాలి?

తోటలో రాత్రంతా వెలిగించి ఉంచిన దీపపు ఎరను, అంటే వెలుతురుకు వచ్చిన చిమ్మటలను పట్టే పెట్టెను, తెల్లవారుజామున తెరిచినప్పుడు, పెద్ద చిమ్మటల సంగతి సాధారణంగా తొందరగానే తేలిపోతుంది. రెక్కల మీది గీతలు, మచ్చలు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి కనుక పుస్తకంలోని బొమ్మతో పోల్చి పేరు రాసుకోవచ్చు. చిక్కంతా పెట్టె మూలల్లో, పురుగులు దాగడానికి లోపల ఉంచే గుడ్ల అట్టల అడుగున, దీపం చుట్టూ ఉన్న పలకల మీద అంటుకుని ఉండే గోరంతైనా లేని చిమ్మటల దగ్గర వస్తుంది. కొందరు వాటిని లెక్కలోకే తీసుకోకుండా వదిలేస్తారు. మరికొందరు ఒక ఫొటో తీసి, యాప్ ఏ పేరు చూపిస్తే ఆ పేరు రాసేసుకుంటారు. ఈ రెండు కొసల మధ్య ఎన్నో పద్ధతులు ఉన్నాయి. ఒక్కొక్కటి అడిగే సమయం, పనిముట్లు, ఓపిక వేరు, ఇచ్చే నమ్మకం వేరు. ఆ పురుగు గురించి మనకు ఏ స్థాయి సమాధానం కావాలో ముందుగా తేల్చుకుని, దానిని బట్టి పద్ధతిని ఎంచుకోవాలని నా సలహా. ఆధారంతో ప్రజాతి (జాతికి పై స్థాయి) వరకే రాసిన నమోదుకు, ఆధారం లేకుండా జాతి పేరు పెట్టిన నమోదు కంటే ఎక్కువ విలువ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

లెపిడోప్టెరా క్రమంలో, అంటే పొలుసుల రెక్కలున్న కీటకాలలో, శాస్త్రవేత్తలు ఇప్పటివరకు వర్ణించిన జాతులు దాదాపు 1,60,000. వాటిలో సీతాకోకచిలుకలు సుమారు 18,000 మాత్రమే, మిగిలినవన్నీ చిమ్మటలు. చిన్న చిమ్మటలు అన్న విభాగం పరిశీలకులు తమ సౌలభ్యం కోసం ఏర్పరచుకున్నది, అందులోని కుటుంబాలన్నీ ఒకే మూలం నుంచి చీలినవి కావు. క్రాంబిడే కుటుంబంలోని కొన్ని జాతులు, పెద్ద చిమ్మటలుగా లెక్కించే జియోమెట్రిడే కుటుంబంలోని చిన్న జాతుల కంటే పెద్దగా ఉంటాయి. అటు చివర నెప్టిక్యులిడే కుటుంబంలో రెక్కలు చాచినప్పటి వెడల్పు సుమారు 3 నుంచి 10 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఇంత తేడా ఉన్న గుంపునంతటినీ ఒకే పద్ధతితో గుర్తించాలనుకోవడం వల్లనే నిరాశ మొదలవుతుంది.

దీపమూ పెట్టే

గుర్తింపు నాణ్యత చాలావరకు పట్టుకునే దశలోనే నిర్ణయమవుతుంది. పొలుసులు రాలిపోయిన చిన్న చిమ్మటను ఎంత మంచి కెమెరా అయినా కాపాడలేదు. అందుకే దీపాన్ని, పెట్టెను ఎంచుకునేటప్పుడు ఎన్ని పురుగులు వస్తాయన్న దానితో పాటు, అవి ఏ స్థితిలో మన చేతికి వస్తాయన్నది కూడా చూడాలి.

125 వాట్ల పాదరస ఆవిరి దీపం దశాబ్దాల పాటు చిమ్మటల పరిశీలకులకు ప్రామాణికంగా నిలిచింది. దాని ఆకర్షణ శక్తి ఎక్కువ, అతినీలలోహిత కాంతి పుష్కలంగా ఉంటుంది. అయితే అది విపరీతంగా వేడెక్కుతుంది, వాన చినుకు పడితే గాజు పగలవచ్చు, విద్యుత్తును నియంత్రించే చోక్ తప్పనిసరి, పక్క ఇళ్లవారి కళ్లకు ఇబ్బంది. పైగా 2013లో ఆమోదం పొందిన మినమాటా ఒడంబడిక, సాధారణ వెలుతురు కోసం వాడే అధిక పీడన పాదరస దీపాల తయారీకి, ఎగుమతి దిగుమతులకు 2020ని గడువుగా నిర్ణయించింది కనుక, కొత్తగా మొదలుపెట్టేవారు ఆ దీపం మీద ఆధారపడే ఏర్పాటు చేసుకోవడం తెలివైన పని కాదు.

అతినీలలోహిత కాంతినిచ్చే ఆక్టినిక్ ట్యూబులు 6 నుంచి 20 వాట్ల వరకు దొరుకుతాయి, సుమారు 370 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ కాంతిని ఇస్తాయి, బ్యాటరీతోనూ నడుస్తాయి. పాదరస దీపం కంటే తక్కువ పురుగులే వస్తాయి కానీ, పెట్టెలో రద్దీ తక్కువగా ఉండడం వల్ల చిన్న చిమ్మటలు పెద్దవాటి రెక్కల తాకిడికి నలిగిపోకుండా మిగులుతాయి. ఎల్‌ఈడీలలో ఎంపిక మరింత జాగ్రత్తగా చేయాలి. జర్మన్ కీటక శాస్త్రవేత్త గున్నార్ బ్రేమ్ 2017లో ప్రచురించిన లెపిఎల్‌ఈడీ దీపంలో చిమ్మటల కంటిలోని గ్రాహకాలకు సరిపడేలా సుమారు 368, 450, 530 నానోమీటర్ల దగ్గర వెలిగే బల్బులను కూర్చారు. పవర్‌బ్యాంక్‌తోనే రాత్రంతా నడపగలగడం దాని పెద్ద సౌలభ్యం. అతినీలలోహిత దీపమని చెప్పి అమ్మే చవక పట్టీలలో చాలా వాటి కాంతి 395 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. అది కంటికి ఊదాగా మెరుస్తుంది కానీ, అసలు కావలసిన 365–370 ప్రాంతంలో బలహీనంగా ఉంటుంది. కొనే ముందు తరంగదైర్ఘ్యం అంకెను అడిగి తెలుసుకోవాలి. ఏ దీపమైనా నేరుగా దానివైపు చూడకూడదు. దగ్గర పని చేసేటప్పుడు అతినీలలోహిత కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి.

కీటకాలు దీపం చుట్టూ ఎందుకు తిరుగుతాయన్న ప్రశ్నకు 2024లో వెలువడిన ఒక పరిశోధన మంచి వివరణ ఇచ్చింది. ఎగిరే కీటకం తన వీపును వెలుతురు వైపు తిప్పుకుంటుంది. వెలుతురు పైనున్న ఆకాశం నుంచి వచ్చినంతవరకు ఆ అలవాటు దాన్ని నిలకడగా ఉంచుతుంది, దీపం పక్కన ఉన్నప్పుడు మాత్రం అదే అలవాటు వల్ల దాని చుట్టూ తిరుగుతూ చిక్కుకుపోతుంది. దీనిని బట్టి ఆచరణలో ఒక విషయం గుర్తుంచుకోవచ్చు: దీపం దాకా వచ్చిన ప్రతి చిమ్మటా పెట్టె నోటిలోని గరాటులోకి జారదు. చిన్నవి చాలాసార్లు చుట్టుపక్కల గోడ మీద, గడ్డి మీద, పెట్టె బయటి అంచుల మీద వాలి ఆగిపోతాయి.

పెట్టెల విషయంలో, 1950లో రాబిన్సన్ అనే ఇంటిపేరున్న ఇద్దరు వర్ణించిన గుండ్రటి ట్రాప్ (ఎర పెట్టె) లోపలికి వచ్చిన పురుగులను బాగా నిలుపుతుంది, కానీ అది స్థలం ఎక్కువ తీసుకుంటుంది, లోపల చేయి పెట్టి చిన్నవాటిని ఏరడం కష్టం. స్కిన్నర్ ట్రాప్‌లో రెండు ఏటవాలు పారదర్శక పలకల మధ్య సన్నని సందు ఉంటుంది. కొన్ని పురుగులు తప్పించుకుంటాయి కానీ, ఒక పలకను నెమ్మదిగా ఎత్తి దాని వెనుక వాలినవాటిని ఒక్కొక్కటిగా గొట్టంలోకి తీసుకోవచ్చు. హీత్ ట్రాప్ తేలికగా మోసుకుపోగలిగినది, పట్టు మాత్రం తక్కువ. చిన్న చిమ్మటల మీదే ప్రధానంగా ఆసక్తి ఉన్నవారికి వీటన్నిటికంటే మంచిది తెల్లటి గుడ్డ. దీపం వెనుక గుడ్డను నిలువుగా కట్టి, రాత్రి మొదటి రెండు మూడు గంటలు పక్కనే కూర్చుంటే, వాలిన చిమ్మటను వాలిన క్షణంలోనే, ఒక్క పొలుసు రాలకుండా గొట్టంలోకి తీసుకోవచ్చు. నిద్ర మానుకోలేనివారికి స్కిన్నర్, ఓపిక ఉన్నవారికి గుడ్డ అని నేను సూచిస్తాను. ఒక ముఖ్యమైన షరతు ఉంది: కాలక్రమంలో మార్పులను పోల్చాలనుకుంటే ఒకసారి ఎంచుకున్న దీపాన్ని, పెట్టెను, స్థానాన్ని మార్చకూడదు. మార్చవలసి వస్తే ఆ తేదీని నమోదులో రాయాలి.

పెట్టె తెరిచిన తరువాత

పెట్టె తెరవక ముందే దాని బయటి వైపులను, దగ్గరలోని గోడను చూడాలి. తెరిచాక ముందుగా చిన్నవాటినే తీసుకోవాలి, ఎండ తగిలి వేడెక్కగానే మొదట ఎగిరిపోయేవి అవే. ఒక్కో గొట్టంలో ఒక్క చిమ్మటే ఉండాలి. గొట్టాలను కొన్ని గంటలు ఫ్రిజ్‌లో, సుమారు 4 డిగ్రీల దగ్గర ఉంచితే అవి కదలకుండా కుదురుకుంటాయి, ప్రాణానికి హాని ఉండదు. ఫ్రీజర్ సంగతి వేరు, అది చంపుతుంది. ఫొటోలు అయ్యాక పక్షులకు దొరకకుండా, ఎరకు దూరంగా ఉన్న గుబురు ఆకుల మధ్య సాయంత్రం వేళ వదలాలి.

ముందు కుటుంబం, తరువాతే జాతి

చిన్న చిమ్మటల పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి బొమ్మలు తిప్పుకుంటూ పోవడం అన్నిటికంటే నిదానమైన పద్ధతి. కూర్చున్న తీరును చూసి కుటుంబాన్ని పట్టుకోగలిగితే వెతకవలసిన పరిధి ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఆ తీరు ప్రాణంతో ఉన్నప్పుడు, సహజంగా వాలినప్పుడు మాత్రమే కనిపిస్తుంది కనుక, ఈ దశలో సజీవ పరిశీలనకు ప్రత్యామ్నాయం లేదు. చనిపోయిన నమూనాను మాత్రమే చూసేవారు ఈ సమాచారాన్ని పోగొట్టుకుంటారు.

టార్ట్రిసిడే కుటుంబంలో 11,000కు పైగా జాతులు ఉన్నాయి. వాటి రెక్కలు వీపు మీద ఇంటికప్పులా వాలి ఉంటాయి, పైనుంచి చూస్తే గంట ఆకారం కనిపిస్తుంది, తల ముందు పెదవి పాల్పులు (నోటి దగ్గరి స్పర్శాంగాలు) ముక్కులా పొడుచుకుని వస్తాయి. గెలెకిడే కుటుంబంలో దేహం సన్నగా ఉండి, పాల్పులు కొమ్ముల్లా పైకి వంగి నుదుటి మీదికి లేస్తాయి. పత్తి పంటను నాశనం చేసే గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఈ కుటుంబానిదే. కోలియోఫోరిడే చిమ్మటలు వాలినప్పుడు మీసాలను రెండింటినీ కలిపి ముందుకు చాచి ఉంచుతాయి. గ్రాసిలారిడే కుటుంబంలోని పలు జాతులు ముందు కాళ్ల మీద దేహాన్ని ఎత్తి తల పైకి పెట్టి కూర్చుంటాయి. ఆర్గిరెస్థిడే చిమ్మటలు సరిగ్గా దానికి తలకిందులుగా, తలను ఆకుకు ఆనించి తోకను పైకెత్తి నిలుస్తాయి. టెరోఫోరిడే రెక్కలను చుట్టుకుని అడ్డంగా చాపడం వల్ల ఇంగ్లీషు టీ అక్షరంలా కనిపిస్తుంది. సాధారణంగా ముందు రెక్క రెండుగా, వెనుక రెక్క మూడుగా ఈకల్లా చీలి ఉంటాయి. అల్యూసిటిడేలో ఒక్కో రెక్క ఆరు ఈకలుగా చీలుతుంది, కనుక వాటిని మరొకదానితో పొరబడే అవకాశం లేదు. టినియిడే తల మీద వెంట్రుకలు చిందరవందరగా లేచి ఉంటాయి. నెప్టిక్యులిడేలో మీసం మొదటి ఖండం వెడల్పై కంటికి మూతలా కనిపిస్తుంది. ఈ కంటి మూత ఓపోస్టెగిడే, బక్యులాట్రిసిడే వంటి మరికొన్ని కుటుంబాలలోనూ ఉంటుంది.

ఈ గుర్తులలో ఏ ఒక్కదానినీ ఒంటరిగా నమ్మకూడదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ పంటలు పండే ప్రతిచోటా కనిపించే డైమండ్ బ్యాక్ చిమ్మట, ప్లుటెల్లా జైలోస్టెల్లా, కోలియోఫోరిడేలో లేకపోయినా మీసాలను ముందుకే చాచి కూర్చుంటుంది. రెక్కలు మూసినప్పుడు వీపు మీద లేత రంగులో వరుసగా ఏర్పడే వజ్రాకారాల వల్ల దాన్ని వేరు చేస్తాము. అలాగే ఎరలోకి వచ్చే కాడిస్ ఈగలను కొత్తవారు తరచుగా చిమ్మటలనుకుంటారు. వాటి రెక్కల మీద పొలుసులకు బదులు వెంట్రుకలు ఉంటాయి, చుట్టుకునే తొండం ఉండదు.

ఫొటో సరిపోతుందా?

చాలా సందర్భాలలో సరిపోతుంది, కానీ ఫొటో తీసిన తీరును బట్టి. పైనుంచి తీసిన ఒక్క చిత్రంతో టార్ట్రిసిడే, క్రాంబిడే కుటుంబాలలోని చాలా జాతుల పేరు చెప్పవచ్చు. గెలెకిడే విషయానికి వస్తే పక్కనుంచి ఒకటి, తల ముందు నుంచి ఒకటి లేకుండా అడుగు ముందుకు పడదు, ఎందుకంటే పాల్పుల మీది పట్టీలు, నుదుటి రంగు అక్కడే కనిపిస్తాయి. వీటితో పాటు కొలత తప్పనిసరి. వాలిన చిమ్మట రెక్కల విస్తారాన్ని కొలవలేము కనుక, ముందు రెక్క మొదలు నుంచి రెక్క అంచున ఉండే కుచ్చు చివర వరకు ఉన్న పొడవును మిల్లీమీటర్లలో తీసుకోవాలి. దానిని రెండింతలు చేసి ఉరం (ఛాతీ భాగం) వెడల్పు కలిపితే విస్తారం ఉజ్జాయింపుగా వస్తుంది. ముందు రెక్క 7 మిల్లీమీటర్లు ఉంటే విస్తారం సుమారు 15 నుంచి 16. గొట్టం కింద గ్రాఫ్ కాగితం పెట్టి తీసిన ఒక ఫొటో తరువాత ఎన్నో వాదాలను ఆపుతుంది.

పరికరాలలో, ఒకటికి ఒకటి నిష్పత్తి ఇచ్చే మాక్రో లెన్స్ ఉన్న కెమెరా అత్యుత్తమ చిత్రం ఇస్తుంది, కానీ అది బరువు, నేర్చుకోవడానికి కాలం పడుతుంది. ఒలింపస్ టీజీ వరుసలోని చిన్న కెమెరాలలో మైక్రోస్కోప్ మోడ్, వేర్వేరు దూరాల్లో తీసిన చిత్రాలను ఒకటిగా కూర్చే సౌకర్యం ఉన్నాయి. చిన్న చిమ్మటల వారికి ఇది సమయానికీ నాణ్యతకూ మంచి రాజీ. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ 10 మిల్లీమీటర్లు దాటిన చిమ్మటలకు సరిపోతుంది. అంతకంటే చిన్నవాటికి దానితో కుటుంబం దాటి ముందుకు వెళ్లడం కష్టం.

ఇక ఆ ఫొటోను ఎవరికి చూపించాలి? ప్రకృతి పరిశీలనలను పంచుకునే ఐనాచురలిస్ట్‌లోనూ మరికొన్ని యాప్‌లలోనూ ఉన్న యాంత్రిక గుర్తింపు కుటుంబం, ప్రజాతి స్థాయిలో ఆశ్చర్యపరిచేంత బాగా పనిచేస్తుంది. అయితే అది తనకు శిక్షణలో చూపించిన జాతులలో నుంచే పేరు వెతుకుతుంది. ఎక్కువ ఫొటోలు ఉన్న జాతుల వైపే మొగ్గుతుంది. ఫొటోలు తక్కువగా ఉన్న ప్రాంతాలలో, మరో ఖండపు జాతి పేరును తడబడకుండా చూపించడం అందుకే జరుగుతుంది. యాప్ సూచనను వెతకడానికి మొదటి మెట్టుగా తీసుకుని, ఆ పేరుతో పోలికలు ఉన్న జాతులు ఏవో పుస్తకంలోనో నిపుణుల వర్ణనలోనో చూసి, వాటన్నిటినీ ఏ లక్షణంతో కొట్టివేయగలమో రాసుకోవాలి. ఆ లక్షణం మన ఫొటోలో కనిపించకపోతే జాతి పేరు రాయకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే తప్పులలో అధిక భాగం దానంతట అదే తగ్గిపోతుంది.

కొన్ని గుంపులలో ఎంత మంచి ఫొటో ఉన్నా లాభం లేదు. కోలియోఫోరా ప్రజాతిలో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి, వాటిలో అధిక భాగం గోధుమ, బూడిద రంగుల్లో ఒకేలా కనిపిస్తాయి. నెఫేసియా ప్రజాతి, ఇపోనోమ్యూటాలోని తెల్ల రెక్కలు నల్ల చుక్కల జాతులు కూడా అంతే. వీటిని జాతి గుంపుగా, అంటే వేరు చేయలేని దగ్గరి జాతులన్నిటికీ కలిపి, నమోదు చేయడమే ఫొటోతో చేయగలిగిన సరైన పని. అంతకు మించి కావాలంటే నమూనా ఉంచుకోక తప్పదు.

నమూనా, విచ్ఛేదన, డీఎన్‌ఏ

ప్రాణం తీయడం తేలికగా తీసుకోవలసిన నిర్ణయం కాదు. నేను పెట్టుకున్న ప్రమాణం ఇది: ఆ చిమ్మట గుర్తింపు వల్ల ఒక కొత్త విషయం తెలిసే అవకాశం ఉండాలి, దానిని చివరి వరకు పరిశీలించే మనిషి ఎవరో ముందే తెలిసి ఉండాలి. ఈ రెండిటిలో ఏది లేకపోయినా వదిలేయడమే న్యాయం. సీసాలో పేరుకుపోయి, చీటీ లేకుండా మిగిలిపోయిన నమూనాల వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. స్థానిక చట్టాలు కొన్ని జాతులను, కొన్ని స్థలాలను రక్షిస్తాయి. వాటిని ముందే తెలుసుకోవాలి.

ఉంచుకోవాలని నిర్ణయించినప్పుడు ఫ్రీజర్ శుభ్రమైన మార్గం. ఈథైల్ అసిటేట్ ఆవిరి పని త్వరగా చేస్తుంది కానీ డీఎన్‌ఏను దెబ్బతీయవచ్చు, కనుక తరువాత ఆ పరీక్ష చేయించే ఆలోచన ఉంటే దాన్ని వాడకూడదు.

విచ్ఛేదనలో ఉదరాన్ని వేరు చేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేస్తారు లేదా రాత్రంతా నానబెడతారు. మెత్తని కణజాలం కరిగి, గట్టి భాగాలు మిగులుతాయి. పొలుసులను సన్నని కుంచెతో తుడిచి, రంగు పట్టించి, జననాంగాలను స్లైడ్ మీద అమర్చి చూస్తారు. మగవాటిలో వాల్వాల (ఆడదాన్ని పట్టుకునే పలకల) ఆకారం, ఈడిగస్ (శిశ్నం) లోపలి ముళ్లు, ఆడవాటిలో బర్సా సంచిలోని సిగ్నం అనే గట్టి పలక జాతిని తేల్చే ప్రధాన లక్షణాలు. దీనికి 10 నుంచి 40 రెట్లు పెద్దగా చూపే స్టీరియో మైక్రోస్కోప్, అతి చిన్నవాటికి అంతకంటే ఎక్కువ వృద్ధి ఇచ్చే మైక్రోస్కోప్ కావాలి. ద్రావణం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. పని నేర్చుకోవడానికి మొదట పేరు నిస్సందేహంగా తెలిసిన పెద్ద చిమ్మటల మృత దేహాలతో సాధన చేయాలి, చిన్నవి తరువాత. ఫలితాన్ని పోల్చుకోవడానికి బొమ్మలున్న గ్రంథం మీ ప్రాంతపు జాతులకు ఉందో లేదో ముందే చూసుకోవడం మరింత ముఖ్యం, పోలిక లేని స్లైడ్ ఎంత అందంగా ఉన్నా పేరు చెప్పదు.

డీఎన్‌ఏ బార్‌కోడింగ్‌ను కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది. మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు నుంచి 658 అక్షరాల ముక్కను చదివి, బోల్డ్ అనే సమాచార నిధిలోని వరుసలతో పోల్చుతారు. ఎండిన నమూనా నుంచి ఒక్క కాలు చాలు, మిగిలిన దేహం చెక్కుచెదరదు. ఆడ మగ తేడా లేకుండా, రెక్కలు పూర్తిగా అరిగిపోయినా పనిచేయడం దీని బలం. దీని పరిమితులు కూడా అంతే నిజం: కొన్ని దగ్గరి జాతులకు ఒకే బార్‌కోడ్ ఉంటుంది, మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది కనుక సంకర సంతతి విషయం తెలియదు, నిధిలో పోల్చడానికి సరైన నమూనా లేకపోతే అతి దగ్గరి పేరు మాత్రమే కనిపిస్తుంది. విచ్ఛేదన, డీఎన్‌ఏలలో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే, జననాంగాల బొమ్మలు బాగా ప్రచురితమైన గుంపులకు విచ్ఛేదననే నేను ముందు సూచిస్తాను. ఒకసారి నేర్చుకుంటే అది మీ చేతిలోనే ఉంటుంది, స్లైడ్‌ను మరొకరు మళ్లీ చూసి సరిచూడవచ్చు. ఎవరూ సరిగా వర్ణించని గుంపులలో, ఆడ మగ జతలు కలపలేనప్పుడు మాత్రం డీఎన్‌ఏకే ప్రాధాన్యం ఇవ్వాలి. ఎలాగూ కాలు ఒక్కటే పోతుంది కనుక రెండూ చేయించగలిగితే అంతకంటే గట్టి నమోదు ఉండదు.

చంపకుండా జాతి తేల్చే మరో దారి

ఆకు లోపల సొరంగాలు తొలిచే చిమ్మటల విషయంలో ఎరలో చిక్కిన రెక్కల పురుగు కంటే, తోటలోని ఆకే మంచి సాక్షి. నెప్టిక్యులిడే, గ్రాసిలారిడే కుటుంబాలలో ఎన్నో జాతులు ఒక్క మొక్క మీదనో, దగ్గరి సంబంధమున్న కొన్ని మొక్కల మీదనో మాత్రమే బతుకుతాయి. మొక్క పేరు, గుడ్డు పెట్టిన చోటు, సొరంగం పాములా మెలికలు తిరిగిందా మచ్చలా విస్తరించిందా, లోపలి విసర్జన గీతలా ఉందా చెల్లాచెదురుగా ఉందా అన్న నాలుగు సంగతులతో చాలాసార్లు జాతి తేలుతుంది. నిమ్మజాతి చెట్ల లేత ఆకుల మీద వెండి రంగులో మెలికలు తిరిగే సొరంగం, దాని మధ్యలో సన్నని విసర్జన గీత కనిపిస్తే అది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా పని. రెక్కలొచ్చిన తరువాత దాని విస్తారం 4 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, ఎరలో అది కంటపడడమే అరుదు. ఆకును తడి ఆరకుండా డబ్బాలో ఉంచి పురుగును బయటికి రానిస్తే, రెక్కలొచ్చిన చిమ్మట ఫొటో, మొక్క వివరం, సొరంగం మూడూ ఒకే నమోదులో చేరతాయి. తోట ఉన్నవారందరికీ ఈ మార్గాన్ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఎర ఖాళీగా ఉండే రోజుల్లోనూ పని ఆగదు.

నమోదు ఎక్కడ చేయాలి

ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్న నాలుగూ లేనిది నమోదు కాదు. చిన్న చిమ్మటలకు వీటితో పాటు ఏ దీపంతో పట్టారు, ఎన్ని వచ్చాయి, పేరును ఎవరు ఏ ఆధారంతో తేల్చారు, ఆ ఆధారం ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నవి కూడా కావాలి. రాత్రి రెండు తేదీల మధ్య జరుగుతుంది కనుక, ఎర పెట్టిన సాయంత్రపు తేదీనే రాసే పద్ధతిని ఒకసారి ఎంచుకుని దానికే కట్టుబడాలి. స్థానాన్ని అక్షాంశ రేఖాంశాలలో నాలుగు దశాంశ స్థానాల వరకు రాస్తే ఉత్తర దక్షిణంగా సుమారు 11 మీటర్ల కచ్చితత్వం వస్తుంది, తోటకు అది చాలు. ఏమీ చిక్కని రాత్రిని కూడా రాయాలి. అది లేకపోతే తరువాత ఎవరూ సగటు తీయలేరు.

కాగితపు పుస్తకం ఎర పక్కన కూర్చున్నప్పుడు అన్నిటికంటే వేగమైనది, బ్యాటరీ అయిపోదు, గొట్టం నంబరు పక్కన వాలిన తీరును గీసి పెట్టుకోవచ్చు. కానీ వెతకడానికి అది పనికిరాదు. స్ప్రెడ్‌షీట్ దీర్ఘకాలపు పనికి అసలైన ఇల్లు: ఒక్కో వరుసలో ఒక రాత్రి ఒక జాతి, పేరు మారినప్పుడు పాత పేరుకు వేరే గడి, ఫొటో ఫైలు నంబరుకు మరో గడి. ప్రజా వేదికలలో 2008లో మొదలైన ఐనాచురలిస్ట్‌కు పెట్టిన నమోదులకు తేదీ, స్థానం, చిత్రం ఉండి, పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు పైగా జాతి మీద ఏకీభవిస్తే పరిశోధన స్థాయి వస్తుంది. తగిన లైసెన్సు ఉంటే ఆ సమాచారం 2001లో ఏర్పడిన ప్రపంచ జీవవైవిధ్య సమాచార వేదిక జీబీఐఎఫ్‌కు చేరి ప్రపంచమంతటి పరిశోధకులకు అందుతుంది. అయితే ఏకీభవించినవారు నిపుణులే కానక్కరలేదు, చిన్న చిమ్మటలలో ఇది గమనించవలసిన విషయం. మీ ఇంటి స్థానం బయటపడకూడదనుకుంటే స్థానాన్ని మసకబరిచే ఎంపిక ఉంది. ఆ వేదిక ఒక్కో ఫొటోను ఒక్కో పరిశీలనగా చూస్తుంది కనుక, ఒక రాత్రి మొత్తం పట్టు, సంఖ్యలు, ఖాళీ రాత్రులు దానిలో సరిగా ఇమడవు. అందుకే అసలు పట్టికను మీ స్ప్రెడ్‌షీట్‌లోనే ఉంచి, సందేహమున్నవీ కొత్తవీ వేదికకు పంపడం నాకు సరైనదిగా తోస్తుంది. ప్రాంతీయ నమోదు సంస్థ, చిమ్మటల నిపుణుడు ఉన్న చోట పట్టికను ఏటా వారికి పంపాలి. వారి పరిశీలన గడిచిన నమోదు వేదికలోని ఓట్ల కంటే బలమైనది.

పేరు గడిలో మాత్రం తొందరపడకూడదు. ఒక్కో నమోదుకు జాతి, జాతి గుంపు, ప్రజాతి, కుటుంబం అన్న నాలుగు స్థాయిలలో మీ ఆధారం ఎంతవరకు మోయగలదో అంతవరకే రాయాలి. పక్కన ‘ఫొటో’, ‘నమూనా’, ‘విచ్ఛేదన’, ‘డీఎన్‌ఏ’, ‘ఆకు సొరంగం’ అని ఆధారాన్ని సూచించాలి. సందేహంలో ఉన్నవాటిని తీసేయకుండా, గొట్టం నంబరు, కొలత, మూడు కోణాల ఫొటోలతో వేరే పట్టీలో ఉంచుకోవాలి. మీ ప్రాంతపు గెలెకిడే మీదనో కోలియోఫోరా మీదనో కొత్త గ్రంథం వచ్చినప్పుడు, మొదట తెరవవలసింది ఆ పట్టీనే.